'ఆలు లేదు చూలు లేదు' సామెత బేస్‌బాల్ కుర్రాళ్లకు నప్పుతుందా?

ప్రశ్న: అమెరికా బేస్‌బాల్‌లో పేరున్న ఆటగాణ్ని వేరే జట్టుకిచ్చి, బదులుగా మైనర్ లీగుల్లో (కింది స్థాయి పోటీల్లో) ఆడే కుర్రాళ్లను తెచ్చుకుంటారు కదా. ఆ కుర్రాళ్ల స్కోర్లు నేను రోజూ చూస్తుంటాను. మా ఆవిడ "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటుంది. ఇది సరైన వాడుకేనా? అలాగే, ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) కాగితాల్లో రాసే 'ప్లేయర్ టు బి నేమ్డ్ లేటర్'ని తెలుగులో ఏమనాలి?

జవాబు: సామెత సగమే నప్పుతుందండీ. ఆధారమే లేని ఆశను ఎత్తిపొడిచే మాట అది. 2016 జూన్‌లో వైట్ సాక్స్ జట్టు జేమ్స్ షీల్డ్స్ అనే ఆటగాడి కోసం పాడ్రేస్ జట్టుకి ఇచ్చిన ఫెర్నాండో టటీస్ జూనియర్‌కి అప్పటికి 17 ఏళ్లు. ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆ రోజు మీ ఆవిడగారు ఆ మాటంటే ఎవరూ కాదనలేరు. కానీ చాలామంది కుర్రాళ్ల విషయంలో ఆధారం కళ్లెదుటే ఉంటుంది. 1990 ఆగస్టులో రెడ్ సాక్స్ జట్టు ఒక రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతి వేసేవాడు) కోసం హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి ఇచ్చేసిన జెఫ్ బాగ్‌వెల్‌ని చూడండి. ఆ ఏడు డబుల్-ఎ (మైనర్ లీగుల్లో ఒక మెట్టు) జట్టు న్యూ బ్రిటన్‌లో అతని బ్యాటింగ్ సగటు .333, అంటే మూడు సార్లకు ఒక హిట్. హోమ్‌రన్‌లు (బంతిని మైదానం దాటించే హిట్లు) మాత్రం నాలుగే. హోమ్‌రన్‌లే చూసినవాళ్లు పెదవి విరిచారు. 34 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టాడనీ, స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లతో ఔటవడం) కన్నా వాక్‌లే (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే మొదటి బేస్ దక్కడం) ఎక్కువనీ గమనించినవాళ్లకు సంగతి అర్థమైంది. 1991లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 1994లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), చివరికి 449 హోమ్‌రన్‌లు, అన్నీ హ్యూస్టన్‌కే. కాబట్టి మీరు రోజూ స్కోర్లు చూడటం సోమలింగం వ్యవహారం కాదు.

రెండో మాట దగ్గర ఆ సామెత పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ కొడుకున్నాడు, పేరే లేదు! 'పేరు తర్వాత చెప్పబోయే ఆటగాడు' అనొచ్చు గానీ, 'బోయే'లో జరగబోతోందన్న సూచనే తప్ప బాధ్యత లేదు. ఆరు నెలల్లోగా పేరు తేల్చి తీరాలన్నది నిబంధన. అందుకే 'పేరు చెప్పాల్సి ఉన్న ఆటగాడు' అంటాను. 'ఆల్సి'లోనే ఆ గడువు, ఆ బాకీ రెండూ వినిపిస్తాయి.

ప్రశ్న: పేరు నిజంగా తెలియకపోతేనా, లేక తెలిసీ దాచినా ఇదే మాటా?

జవాబు: రెండింటికీ ఇదే. ట్రే టర్నర్ కథ వినండి. 2014 జూన్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఏర్పాటు) అతన్ని పాడ్రేస్ తీసుకుంది. డిసెంబరులో మూడు జట్ల ట్రేడ్‌లో అతను వాషింగ్టన్ నేషనల్స్‌కి వెళ్తున్నాడని ఊరంతా తెలుసు. కానీ డ్రాఫ్ట్ చేసిన ఏడాది లోపు ట్రేడ్ చేయకూడదన్న రూలు అప్పట్లో ఉండేది. దాంతో కాగితం మీద పేరు చెప్పాల్సి ఉన్న ఆటగాడిగానే ఉండిపోయి, 2015 జూన్ దాకా పాడ్రేస్ డబుల్-ఎ జట్టు శాన్ ఆంటోనియోలోనే ఆడాడు. తనను వదిలేసిన జట్టు చొక్కా వేసుకుని అన్ని నెలలు ఆడటం ఆ కుర్రాడికి ఎంత ఇబ్బందో! మన అమ్మమ్మల కాలంలో భర్త పేరు నోటితో అనేవారు కాదు. ఆయన ఎవరో మాత్రం అందరికీ తెలుసు. అచ్చం అలాగే. ఆ తర్వాత ఆ రూలు మార్చారు. 2019లో వరల్డ్ సిరీస్ గెలిచిన నేషనల్స్‌కి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) టర్నరే.

ఇంకొకరి జవాబు: మాస్టారూ, డేవిడ్ ఓర్టిజ్‌ని కూడా కలపండి. 1996లో మ్యారినర్స్ జట్టు డేవ్ హాలిన్స్ కోసం ట్విన్స్‌కి పంపిన 'పేరు చెప్పాల్సి ఉన్న' కుర్రాడు అతనే. తీరా చెప్పిన పేరు డేవిడ్ ఆరియాస్. మ్యారినర్స్ దగ్గర అతను ఆ పేరుతోనే ఆడాడు. ట్విన్స్‌కి వచ్చాక తనను ఓర్టిజ్ అనే పిలవమన్నాడు.