పాప ఎంఆర్‌ఏలో ఎడమ కెరోటిడ్ సన్నం: ప్రొప్రానొలాల్ ఇవ్వొచ్చా?

గాజువాక_పీడ్స్
మూడు నెలల పాప, 5 కిలోలు. ఎడమ నుదురు నుంచి చెంపదాకా పరుచుకున్న హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ), కొలిస్తే 7 సెం.మీ. రెప్ప బరువెక్కి కన్ను మూసుకుపోతోంది, ఎక్కువ రోజులు ఆగలేం. ఎంఆర్‌ఏ (రక్తనాళాల ఎంఆర్ఐ) రిపోర్టులో ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ హైపోప్లాసియా (మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని సన్నగా ఉండటం), అదే వైపు పర్సిస్టెంట్ ట్రైజెమినల్ ఆర్టరీ (పిండంలో కెరోటిడ్‌ని వెనక మెదడు ధమనితో కలిపే నాళం మూసుకుపోకుండా మిగలడం) అని ఉంది. కింద "నార్మల్ వేరియంట్" అని రాశారు. ఎకో (గుండె స్కాన్) నార్మల్. గడ్డను కుదించే, బీపీ కూడా తగ్గించే ప్రొప్రానొలాల్ మొదలుపెట్టేయొచ్చా?

రేడియో_మహారాణిపేట
ట్రైజెమినల్ ఆర్టరీ ఒక్కటే కనబడితే వేరియంటే. నూటికి ఒకరిలో కూడా ఉండదు, ఉన్నవాళ్లకూ చాలావరకు ఇబ్బంది రాదు. ముఖం మీద 5 సెం.మీ. దాటిన హెమాంజియోమా పక్కన మాత్రం ఆ మాట చెల్లదు సర్. 2016లో సవరించిన ప్రమాణాల్లో ఈ రెండు ధమని తేడాలూ పీహెచ్ఏసీఈ (ముఖం మీద పెద్ద హెమాంజియోమాతో పాటు మెదడు, ధమనులు, గుండె, కంటి తేడాలు కలిసొచ్చే) సిండ్రోమ్‌కి మేజర్ లక్షణాలే.

ముందు ఆ సన్నం నిజమో కాదో తేల్చండి. టైమ్ ఆఫ్ ఫ్లైట్ (కదిలే రక్తం సిగ్నల్‌తోనే నాళాన్ని చూపే ఎంఆర్ఏ) పద్ధతి‌లో రక్తం నెమ్మదించినా, మలుపులో సుడి తిరిగినా సిగ్నల్ పోతుంది, నాళం ఉన్నదానికంటే ఇరుగ్గా కనిపిస్తుంది. గుండ్రంగా తిప్పి చూపే ఎంఐపీ బొమ్మల్ని నమ్ముకోకుండా సీడీ తెప్పించుకుని సోర్స్ ఇమేజెస్ (అసలు పొరపొర బొమ్మలు) చూడండి, టీ2 ఎంఆర్ఐ బొమ్మల్లో ఫ్లో వాయిడ్ (రక్తం పారేచోట కనిపించే నలుపు) రెండు వైపులా పోల్చండి. అప్పటికీ తేలకపోతే పుర్రె అడుగు వరకే తక్కువ డోసు సీటీ తీసి బోన్ విండోలో కెరోటిడ్ కెనాల్ చూడాలి. పిండంలో ధమని ఉంటేనే ఆ ఎముక కాలువ ఏర్పడుతుంది. కాలువే లేకపోతే ధమని పుట్టనట్టు, ఇరుకైతే పుట్టుకతో సన్నం. కాలువ మామూలుగా ఉండి ధమని మాత్రం చిక్కిపోయిందంటే తర్వాత మొదలైన జబ్బు, అది ముదరొచ్చు.

చిన్నగుండె
ఎకో నార్మల్ అన్నంతమాత్రాన ఆర్చ్ (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు) సంగతి తేలదు. ఈ సిండ్రోమ్‌లో కోఆర్క్టేషన్ (ఆ ధమని ఇరుకవడం) మామూలు చోట కాకుండా ఆర్చ్ అడ్డభాగంలో, పొడుగ్గా, వంకరగా వస్తుంది. సబ్‌క్లేవియన్ (చేతికి వెళ్లే ధమని) దారితప్పి ఆ ఇరుకు దాటాక పుడితే, ఆ చేతి బీపీ కూడా కాలి బీపీలాగే తక్కువ వస్తుంది, తేడా తెలియదు. రెండు చేతులూ రెండు కాళ్లూ కొలవండి. ఎంఆర్‌ఏ ఆర్చ్ నుంచే మొదలవ్వాలి.

న్యూరో_ఎంవీపీ
మందు నిషిద్ధమేమీ కాదు. ఎడమ అర్ధగోళానికి రక్తం ఎటునుంచి అందుతోందో మాత్రం తెలియాలి: యాంటీరియర్ కమ్యూనికేటింగ్ (మెదడు ముందు కుడి ఎడమలను కలిపే ధమని), ఎడమ ఏ1 (దాని దాకా వచ్చే ధమని ముక్క) ఉన్నాయా? ట్రైజెమినల్ ఉన్నచోట వెనక మెదడుకు రక్తమిచ్చే బేసిలార్ కింది భాగం, వర్టిబ్రల్స్ తరచూ సన్నగా ఉంటాయి. అంటే వెనక మెదడు కూడా ఆ చిక్కిన కెరోటిడ్ మీదే బతుకుతూ ఉండొచ్చు. అక్కడ బీపీ పడితే స్ట్రోకే.

కొలాటరల్స్ (రక్తం అందించే పక్కదారి నాళాలు) బాగుంటే అడ్మిట్ చేసి రోజుకు కిలోకు 0.5 మి.గ్రా., మూడు విడతలుగా, మెల్లగా పెంచుతూ ఇవ్వండి. రెండు విడతలైతే బీపీ ఎగుడుదిగుడు ఎక్కువ. మీ పాపకు విడతకు 0.8 మి.గ్రా.; 10 మి.గ్రా. మాత్ర విరిచి ఇమ్మంటే కుదరదు, ద్రవం సిరంజితో కొలవాలి. పాలు పట్టాకే ఇవ్వాలి. వాంతులైనా, పాలు మానేసినా ఆ విడత ఆపాలి, షుగర్ పడిపోతుంది. పిల్లికూతలు వచ్చినా ఆపాలి.

గాజువాక_పీడ్స్
సీడీ తెప్పిస్తున్నా. ఏ1 కనబడకపోతే?

న్యూరో_ఎంవీపీ
మీ దగ్గర మొదలుపెట్టకండి. పీడియాట్రిక్ న్యూరాలజీ, న్యూరోసర్జరీ రెండూ ఉన్నచోటికి సీడీతో సహా పంపండి. పర్ఫ్యూజన్ (మెదడుకు రక్తం ఎంత అందుతోందో) చూసి, యాస్పిరిన్ సంగతి కూడా అక్కడే తేలుస్తారు. ఈలోగా కంటి డాక్టరుకి మాత్రం ఈ వారమే చూపించండి.