అప్‌డేట్: నాలుగో ఫీల్డులో మాత్రమే జిల్లా పేరు మార్చడం

నిలువు గీతలతో ఫీల్డులుగా, అంటే వీధి, మండలం, జిల్లా వంటి భాగాలుగా, విడదీసిన చిరునామాల ఫైలులో, 2016 పునర్విభజనతో సూర్యాపేట జిల్లాలో చేరిన కోదాడ, హుజూర్‌నగర్ మండలాల వరుసల్లో జిల్లా పేరును ‘నల్లగొండ’ నుంచి ఎలా మార్చాలని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు, పని పూర్తయింది.

ఫైలులోని పదాలను వెతికి మార్చే సెడ్ (sed) సాధనంలో మామూలు ఆదేశం వరుసలో మొదట కనబడిన ‘నల్లగొండ’నే మారుస్తుంది కనుక, రెండో ఫీల్డులో ‘నల్లగొండ రోడ్డు’ ఉన్నచోట వీధి పేరు మారిపోయి జిల్లా పేరు అలాగే మిగిలేది; ఆదేశం చివర, అన్నిచోట్లా మార్చమని చెప్పే ‘జీ’ (g) చేరిస్తే రెండూ మారేవి. ‘నిలువు గీత కాని అక్షరాలు, ఆపై ఒక గీత’ అనే నమూనాను మూడుసార్లు పట్టి, ఆ భాగాన్ని యథాతథంగా తిరిగి రాయించడం సెడ్‌తోనూ సాధ్యమే గాని, కొన్నాళ్ల తరువాత చదివితే రాసినవారికే అంతుపట్టదు. అందుకే వరుసలను ఫీల్డులుగా విడదీసి పనిచేసే ఆక్ (awk) వైపు మొగ్గాను.

మూడో ఫీల్డు ఆ రెండు మండలాల్లో ఒకటై, నాలుగోది సరిగ్గా ‘నల్లగొండ’ అయితేనే నాలుగో ఫీల్డుకు కొత్త విలువ ఇచ్చాను. ఇక్కడొక మెలిక ఉంది: ఫీల్డు మారగానే ఆక్ వరుసనంతా తిరిగి కూర్చుతుంది కాబట్టి, ఫీల్డుల మధ్య ఏ గుర్తు రాయాలో చెప్పే ఓఎఫ్‌ఎస్‌ను కూడా నిలువు గీతగా చెప్పకపోతే మారిన వరుసల్లో గీతలు పోయి ఖాళీలు వస్తాయి. మారని వరుసలు చక్కగానే ఉంటాయి గనుక, ఫైలు పైభాగం మాత్రమే చూసేవారికి ఇది దొరకదు.

ఫలితాన్ని వేరే ఫైలులోకి పంపి, రెండు ఫైళ్ల తేడాలను చూపే డిఫ్‌తో పోల్చాకే పాతదాని స్థానంలో పెట్టాను. 2019లో మహబూబ్‌నగర్ నుంచి విడివడిన నారాయణపేట జిల్లా వరుసలకు ఇదే స్క్రిప్టును, మండలాల పేర్లు మార్చి, వాడుతున్నాను.