'హమ్'ని ఏమనాలి: రొదా, ఝుంకారమా, గుయ్యా?

నమస్కారం. పాత రేడియో సెట్లో సౌండు ఎక్కడ చెడిందో చిన్న బ్యాటరీ యాంప్లిఫయర్ పట్టుకుని కనిపెట్టడం గురించి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. హమ్, హిస్, క్రాకిల్ మూడింటికీ 'అనవసర శబ్దం' అని రాసేశాను. చదివిపెట్టిన స్నేహితురాలు మూడుచోట్లా "ఏ శబ్దం?" అని ఎర్రసిరాతో రాసింది. హమ్‌కి 'రొద' సరిపోతుందా? 'ఝుంకారం' అందామా?

జవాబు: ఝుంకారం తుమ్మెదలకి వదిలేయండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద పద్యం రాసిన రోజున చూద్దాం. రొద కూడా కుదరదు. పది గొంతులో పది యంత్రాలో కలగాపులగంగా వినబడితే రొద. హమ్ ఒకే శ్రుతిలో తెగకుండా సాగుతుంది. చెవి 'గుయ్యిమంది' అంటాం చూడండి, అదీ మాట.

జవాబు: నాకు వ్యాకరణం రాదు, సెట్లు విప్పడం వచ్చు. మా బల్ల దగ్గర కూడా గుయ్యే. గుయ్యిమంటే ముందు కరెంటునే అనుమానిస్తాం. మెయిన్స్ (గోడ ప్లగ్గులో కరెంటు) 50 హెర్ట్జ్ అయితే, ఏసీని డీసీ చేసే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఆ గుయ్య్ 100 దగ్గర ఉంటుంది. ఆ డీసీని నున్నగా చేసే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే, ఎక్కువసార్లు అదే దొంగ. చేతిలో యాంప్లిఫయర్ బ్యాటరీది కావాలనేది ఇందుకే. దానికి మెయిన్స్‌తో పొత్తు లేదు కాబట్టి వినబడే గుయ్య్ దాదాపు సెట్టుదేనని నమ్మొచ్చు.

పాఠంలో ఇవి మాత్రం మరిచిపోకండి. ప్రోబ్ (సెట్లో తాకించి వినే యాంప్లిఫయర్ తీగ) మొనకి వరుసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి, సెట్లోని డీసీ యాంప్లిఫయర్‌లోకి రాకుండా. వాల్వు సెట్టయితే అది 630 వోల్టులది పెట్టమనండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మెయిన్స్‌కి తగిలించే సెట్లలో ఛాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, కరెంటు ఉండొచ్చు. సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దానికి యాంప్లిఫయర్ ఎర్త్ క్లిప్పు తగిలించకూడదు.

ఇక వెతకడం. నేను మొదట వాల్యూమ్ కంట్రోల్ దగ్గర ప్రోబ్ పెడతాను. అక్కడ పాట శుభ్రంగా ఉంటే తప్పు ఔట్‌పుట్ వైపు. అక్కడే పాడుగా ఉంటే వెనక్కి, డిటెక్టర్ (రేడియో తరంగంలోంచి పాటని విడదీసే భాగం) వైపు. ఒక్క తాకుతో సగం సెట్టు పక్కకి పోతుంది. డిటెక్టర్ దాటి వెనక్కి వెళ్తే పాట ఇంకా తరంగంలోనే ఉంటుంది, ఉత్త ప్రోబ్‌కి ఏమీ వినబడదు. దాన్ని విడదీయడానికి మొనలో డయోడ్ ఉండాలి.

క్రాకిల్ అని మీరు ఒక్కమాటన్నారు గానీ మాకవి రెండు. నాబ్ తిప్పినప్పుడే వస్తే కరకర, అంటే కంట్రోల్‌లో దుమ్ము. పెట్టె తడితే వచ్చేది చిటపట, అది పట్టు వదిలిన సోల్డర్.

ప్రశ్న: బాగుంది! మరి హిస్? 'హోరు' అనొచ్చా?

జవాబు: హోరులో సముద్రం ఉంది, గాలివాన ఉంది. హిస్ సన్నం కదా. 'బుస' ఎలా ఉంది?

జవాబు: బుస కొట్టి ఆగుతుందండీ, పామైనా ఊపిరి తీసుకోవాలి. ఇది ఆగదు. గాలి కారుతున్న ట్యూబులా 'సుయ్య్'మంటుంది. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య వచ్చేదాన్ని మాత్రం హోరంటే నాకు అభ్యంతరం లేదు.

జవాబు (గుయ్య్ అన్నది నేనే): ఆహా! గుయ్య్, సుయ్య్. మొదటి హల్లు తప్ప తేడా లేదు. గ నాదం, పలికేటప్పుడు గొంతులో తంత్రులు కంపిస్తాయి. స శ్వాసం, ఉత్త ఊపిరి. హమ్‌కి శ్రుతి ఉంది, హిస్‌కి లేదు. ఆ సంగతి మాటలోనే వినబడుతోంది. ధ్వన్యనుకరణ పదాలంటే పిల్లల మాటలని చిన్నచూపు చూసేవాళ్లకి ఇది చూపించాలి.

ప్రశ్న: అయితే ఇలా మార్చాను, చూడండి: "వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా సెట్టు గుయ్యిమంటూనే ఉంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్‌కి ఇవతల, ఔట్‌పుట్ వైపో పవర్ సప్లయ్‌లోనో ఉంది. ముందు వడపోత కెపాసిటర్ చూడండి."

జవాబు: అంతా బాగుంది గానీ వడపోత వద్దమ్మా. ఫిల్టర్ అనే ఉంచండి. వడపోత కెపాసిటర్ కావాలని అడిగితే కొట్టువాడు నా మొహం చూస్తాడు.