బావ అప్రూవ్ నొక్కేలోపే ఫారంకి 504 (టైమవుట్ ఎర్రర్) వస్తోంది

వేళచ్చేరి వాసు:
మా బావ వేళచ్చేరిలో ఆంధ్రా మెస్ నడుపుతాడు. కేటరింగ్ ఆర్డర్లు వెబ్‌సైట్ ఫారంలో వస్తాయి. సబ్మిట్ నొక్కగానే అజూర్ లాజిక్ యాప్‌కి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో పనుల్ని వరుసగా నడిపే సర్వీసు) హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ వెళ్తుంది (వాడినంతకే బిల్లు పడే కన్సంప్షన్ ప్లాన్, రీజియన్ సౌత్ ఇండియా, అంటే మన చెన్నైయే). అది బావకి అప్రూవల్ మెయిల్ పంపి, ఆయన ఒప్పుకున్నాక ఎక్సెల్‌లో ఆర్డర్ రాసి, చివర్లో రెస్పాన్స్ యాక్షన్‌తో ఫారంకి జవాబిస్తుంది. నా టెస్టింగ్‌లో బ్రహ్మాండంగా నడిచింది, అప్రూవ్ నొక్కింది నేనే కదా. బావ మాత్రం మధ్యాహ్నం పప్పుచారు గరిటె వదిలి ఫోన్ ముట్టుకోడు. కస్టమర్‌కి 504 కనిపిస్తుంది, మళ్లీ నొక్కుతాడు. మొన్న ఒక్క గృహప్రవేశానికి రెండింతల గోంగూర కొనబోయారు. టైమవుట్ ఎక్కడ పెంచాలి?

తరమణి తెలుగోడు:
పెంచలేవు తమ్ముడూ. ఫారం ఎదురుచూసేది 120 సెకన్లే. వర్క్‌ఫ్లో మాత్రం ఆగదు, బావ కోసం రోజులైనా కాచుకుంటుంది. రెస్పాన్స్ యాక్షన్ తీసేయ్, 202 ("రిక్వెస్ట్ అందింది" అనే కోడ్) దానంతటదే వెంటనే వెళ్తుంది.

సుధ, అంబత్తూరు:
తీసేస్తే 504 పోతుంది గానీ రెండో గోంగూర పోదు. నెట్ నెమ్మదిస్తే జనం ఎలాగూ రెండోసారి నొక్కుతారు. వాసుగారూ, ఫారం తెరుచుకున్నప్పుడే ఒక ఆర్డర్ ఐడీ పుట్టించి రిక్వెస్ట్‌తో పంపండి. ట్రిగ్గర్ (రిక్వెస్ట్ అందుకునే మొదటి స్టెప్) తర్వాత మొదటి పనిగా దాన్ని రో కీ (వరుసని గుర్తించే విలువ) చేసి అజూర్ టేబుల్ స్టోరేజ్‌లో ఇన్సర్ట్ చేయండి, పార్టిషన్ కీ (వరుసల గుంపు పేరు) అన్ని ఆర్డర్లకీ ఒకటే ఉంచి. ముందు "ఉందా?" అని వెతకొద్దు, రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండిటికీ "లేదు" అనే జవాబొస్తుంది. నేరుగా ఇన్సర్ట్ చేస్తే రెండోదాన్ని టేబులే 409తో ("ఇది ముందే ఉంది" అనే కోడ్) వెనక్కి కొడుతుంది.

అందుకే రెస్పాన్స్ యాక్షన్ తీసేయకండి, ఈ ఇన్సర్ట్ కిందికి జరపండి. ఇన్సర్ట్ పాసైనా ఫెయిలైనా నడిచేలా దాని రన్ ఆఫ్టర్ సెట్టింగ్ (ముందు స్టెప్ ఎలా ముగిస్తే ఇది నడవాలో చెప్పేది) పెట్టి, ఇన్సర్ట్ ఇచ్చిన స్టేటస్ కోడ్‌నే ఫారంకి పంపండి. 409 వస్తే ఫారంలో "మీ ఆర్డర్ ముందే అందింది" అని చూపించండి. తర్వాత ఒక కండిషన్: కోడ్ 400 లోపైతేనే (అంటే ఎర్రర్ కాకపోతేనే) బావగారికి మెయిల్.

ఇంకోటి, ఫారం జావాస్క్రిప్ట్‌లోంచే (కస్టమర్ బ్రౌజర్‌లో నడిచే కోడ్) లాజిక్ యాప్‌ని పిలుస్తున్నారా? ఆ యూఆర్‌ఎల్ చివరి సిగ్ విలువే తాళంచెవి. పేజీ సోర్స్ చూసిన ఎవడైనా వెయ్యి ప్లేట్ల బిర్యానీ ఆర్డర్ పెట్టొచ్చు. మధ్యలో సర్వర్‌లో చిన్న పీహెచ్‌పీ ఫైలు పెట్టి యూఆర్‌ఎల్ అందులోనే దాచండి, పాత తాళంచెవి చెల్లకుండా యాక్సెస్ కీ రీజెనరేట్ చేయండి.

వేళచ్చేరి వాసు:
జావాస్క్రిప్టే అండీ 😬 ఇవాళే మారుస్తా. మరి బావ కాదంటే కస్టమర్‌కి తెలిసేదెలా?

సుధ, అంబత్తూరు:
అది ఫారం పని కాదు. ఫారం "ఆర్డర్ అందింది, ఖాయమైతే మెయిల్ చేస్తాం" అనాలి, అంతే. "ఖాయమైంది" అనకండి. అప్రూవల్ తర్వాత అవునైతే ఒక మెయిల్, కాదంటే ఇంకో మెయిల్. ఫారంలో ఫోన్ నంబర్ కూడా అడగండి, పెళ్లివాళ్లు మెయిల్ చూడరు.