అప్‌డేట్: టూరింగ్‌కు టెలిమార్క్ బూట్ల ఎంపిక

స్కీ టూరింగ్‌కు, అంటే స్కీలతో మంచు కొండలు ఎక్కి దిగడానికి, 75 మిల్లీమీటర్ల పాత ప్రమాణపు టెలిమార్క్ బూట్లు (మడమను స్కీకి బిగించకుండా, మోకాలు వంచి మలుపు తిరిగే స్కీయింగ్‌కు వాడేవి) మేలా, ఎన్‌టీఎన్ అనే కొత్త ప్రమాణపు బూట్లు మేలా అని ఇంతకుముందు అడిగాను. చివరికి ముందుభాగంలో, బూటును స్కీకి పట్టి ఉంచే పిన్‌లు దిగే గుంటలున్న ఎన్‌టీఎన్ జతనే ఎంచుకున్నాను. ఎక్కేటప్పుడు బూటు ఆ పిన్‌లపైనే తిరుగుతుంది కనుక, అడుగడుగునా బెలోస్‌ను (వేళ్ల దగ్గర బూటు వంగే మడతల భాగాన్ని) వంచే శ్రమ తప్పుతుంది.

అసలు కష్టమంతా కొలతలోనే ఎదురైంది. లైనర్ (లోపలి మెత్తటి బూటు) తీసి, ఖాళీ షెల్‌లో (బయటి గట్టి బూటులో) వేళ్లు ముందుకు ఆనించి చూస్తే మడమ వెనుక ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ ఉన్న మొదటి జత, నిలబడినప్పుడు చక్కగా అనిపించినా, మోకాలు వంచి టెలిమార్క్ భంగిమలోకి దిగగానే దాని మడత వేళ్లను నొక్కింది. బెలోస్ వంగే చోటు, పాదం వంగే చోటు ఒకే రేఖపై ఉండాలని, అది సైజు అంకెలో కనిపించదని అప్పుడే గ్రహించాను. వేరే ఆకృతి గల షెల్‌తో ఆ ఇబ్బంది తీరింది. లైనర్‌ను వేడిచేసి పాదానికి తగ్గట్టు అచ్చు వేయించాను. ఎడమ చీలమండ దగ్గర మాత్రం ఇంకా ఒత్తిడి ఉంది. అక్కడ షెల్‌ను కొద్దిగా సాగదీయించాలి.