బైట్‌బీట్‌కు తెలుగు మాట: ‘ప్రస్తారనాదం’ అనొచ్చా?

మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో ఫోన్ నా చేతికిచ్చి, “మావయ్యా, ఇదేటో చెప్పు” అన్నాడు. పాత వీడియో గేముల్లో వచ్చేలాంటి గరుకు శబ్దంతో ఒక పాట. వాద్యం లేదు, రికార్డింగ్ లేదు, ఉన్నదల్లా ఒకే వరుస సూత్రం. బైట్‌బీట్ అంటారట. 2011లో ఫిన్లాండ్‌కు చెందిన విల్లె-మటియాస్ హెయిక్కిలా పెట్టిన వీడియోలతో బాగా ప్రచారంలోకి వచ్చింది. దీన్ని తెలుగులో ఏమనాలి అని వాడి ప్రశ్న. రెండు రోజులు ఆలోచించి, నాకు తోచింది మీ ముందు పెడుతున్నాను.

ముందు అది పనిచేసే తీరు. కంప్యూటరు సెకనుకు 8000 చొప్పున లెక్కపెడుతూ పోతుంది. ఆ అంకె పేరు ‘టి’. ప్రతి అంకెనూ సూత్రంలో వేసి, జవాబును బైనరీలో (0, 1లతోనే) రాస్తే వచ్చే చివరి ఎనిమిది బిట్లను (అంకెలను), అంటే 0 నుంచి 255 లోపు విలువను, స్పీకరుకు పంపుతారు. సూత్రం ఉత్త ‘టి’ అయితే విలువ 255 దాకా ఎక్కి ఒక్కసారిగా సున్నాకు పడుతుంది, సెకనుకు 31 సార్లకు పైగా. అదొక మంద్రమైన మోత. టిని రెండుతో గుణిస్తే ఒక స్థాయి పైకి వెళుతుంది.

వాడు వినిపించింది ‘నలభై రెండు’ సూత్రం. టిని 1024తో భాగించి శేషం వదిలేయాలి. మిగిలినదాన్ని 42తో బిట్టుకు బిట్టు పోల్చి, రెండింటిలోనూ 1 ఉన్నచోటే 1 ఉంచాలి. వచ్చినదాన్ని టితో గుణించాలి. 42ను బైనరీలో రాస్తే 101010. కాబట్టి మూడు స్థానాలే బతుకుతాయి. మూడు స్థానాలు, ఒక్కోదానికి రెండు అవకాశాలు, మొత్తం ఎనిమిది. ఇక్కడ నా ఒళ్లు జలదరించింది. ఇవి మన గణాలే కదా!

సున్నాను గురువనీ, ఒకటిని లఘువనీ అనుకోండి. ఛందస్సులో ప్రస్తారం వేసేటప్పుడు, అంటే గురులఘువుల అమరికలన్నీ వరుసగా రాసేటప్పుడు, ఎడమ చివర గురులఘువులు వెంటవెంటనే మారతాయి, కుడివైపుకు పోయేకొద్దీ నెమ్మదిస్తాయి. కంప్యూటరు లెక్కా అదే, కాకపోతే అక్కడ వేగంగా మారేది కుడి చివర. మ య ర స త జ భ న అని వరుసగా పెడితే గుణకాలు 0, 2, 8, 10, 32, 34, 40, 42 అవుతాయి. మగణం మౌనం. నగణం అన్నిటికన్నా హెచ్చు స్వరం. పాట మొత్తం ఇంతే:

మయమయ రసరస మయమయ రసరస
తజతజ భనభన తజతజ భనభన

ఒక్కో గణానికి పావు సెకను పైచిలుకు. ఎనిమిది సెకన్లు దాటగానే మళ్లీ మొదటికి.

‘సూత్ర సంగీతం’ మరీ విశాలమైన మాట. ‘బైట్ తాళం’ అంటే స్వరం మాటేమిటి? అందుకే ‘ప్రస్తారనాదం’ అంటున్నాను.

జవాబు: మీ పోస్టు చదివి వీణ తీశాను. రెండో పాదంలోని 32, 34, 40, 42 చూడండి. 32ను షడ్జమం అనుకుంటే 34 శుద్ధ రిషభానికి బాగా దగ్గర. 40 అచ్చంగా అంతర గాంధారం, 5/4. 42 మాత్రం శుద్ధ మధ్యమం కన్నా కాస్త తగ్గి పలుకుతుంది. నేను పిల్లలకు సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళలో స రి గ మ ఇవే!

జవాబు: మాట బాగుందండీ. కానీ ఇంటర్ లెక్కల్లో ‘ప్రస్తారాలు, సంయోగాలు’ చదివిన పిల్లలు వేరే అర్థం తీసుకోరా? పైగా ‘నాదప్రస్తారం’ అంటే ఇంకా తేలిగ్గా పలకదూ?

నా జవాబు: వీణమ్మ గారూ, మీరు చెప్పింది నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. ఇక లెక్కల సంగతి. ఆ తికమక ఉంటుందనే ఉత్త ‘ప్రస్తారం’ అనకుండా నాదం చేర్చాను. ‘నాదప్రస్తారం’ అంటే నాదాన్ని పరిచి చూపించడం, అది గాయకుడి పని. ఇక్కడ ముందు నడిచేది అంకెల ప్రస్తారం, నాదం దాన్నుంచి పుడుతుంది. అందుకే ఆ వరుసలోనే ఉండాలంటాను. మా మేనల్లుడు “వెతకడానికైతే బైట్‌బీట్ అనే కొడతాను మావయ్యా” అన్నాడు, అదీ న్యాయమే. రాత్రి తన ఫైలుకు మాత్రం ‘మయరస’ అని పేరు పెట్టుకున్నాడు.