ప్రభువు బల్లకు ద్రాక్షారసం పులియకుండా ఉంచేదెట్లా?

జమ్మలమడుగు దగ్గర పల్లెలో క్రైస్తవ సంఘం మాది. నెలకోసారి ప్రభువు బల్ల (యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం), సుమారు 80 మంది. తాగుడు మానినవాళ్లున్నారు కాబట్టి వైన్ వాడం. కొన్ని సంఘాల్లో వాడే ఎర్రరంగు షర్బత్ మాకు సమ్మతం కాదు. మత్తయి 26:29 ప్రకారం ద్రాక్ష నుంచి వచ్చిందే ఉండాలి.

మనిషికి 15 మి.లీ. లెక్కన 1.2 లీటర్లు కావాలి. అర కిలో ఎండు నల్లద్రాక్షను రెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పిసికి వడగడతాం. శనివారం పొద్దున చేస్తే ఎండాకాలం ఆదివారానికే నురుగు, పుల్లవాసన. పిసికే చేతుల నుంచో, వడగట్టే గుడ్డ నుంచో ఈస్ట్ చేరుతోందని అనుమానం. వడగట్టాక మళ్లీ మరిగించి, నీళ్లలో ఉడికించిన గాజుసీసాల్లో వేడిగానే నింపి మూత బిగిస్తే ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్లు ఆగుతుంది? నిమ్మరసం పిండితే మేలా?

రొట్టెతో ఇబ్బంది లేదు. గోధుమపిండి, నీళ్లు, పెనం, అంతే. యూదుల పస్కా పండుగ రొట్టె పులియనిది (నిర్గమ 12), అందుకే బేకరీ బ్రెడ్ మానేశాం.

ఇంకొకటి. మిగిలిన రసాన్ని కొందరు పిల్లలకు పోస్తున్నారు, కొందరు చెట్టు మొదట్లో పోస్తున్నారు. 1 కొరింథీ 11లో దీనికి ఆజ్ఞ కనబడదు. మీ సంఘాల్లో ఏం చేస్తారు, ఏ వాక్యం ఆధారంగా?